ఏప్రాన్ లోపలి బ్యాడ్జ్‌లో 6.4, బయటి బ్యాడ్జ్‌లో 0.9. ఇదెలా కుదురుతుంది?

క్యాథ్‌ల్యాబ్_కుర్రాడు · సోమవారం రాత్రి 9:40

నమస్తే అందరికీ. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. గుండె క్యాథ్ ల్యాబ్‌లో (ఎక్స్‌రేలో చూస్తూ గుండె రక్తనాళాలకి చికిత్స చేసే గది) టెక్నాలజిస్టుని, ఆరేళ్ల సర్వీసు. మాకు మూడు నెలలకోసారి టీఎల్‌డీ బ్యాడ్జ్‌లు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచేవి) మారతాయి. మనిషికి రెండు. ఒకటి లెడ్ ఏప్రాన్ లోపల ఛాతీ దగ్గర, రెండోది బయట, మెడకి కట్టుకునే లెడ్ పట్టీకి, అదే థైరాయిడ్ కాలర్‌కి.

ఈసారి రిపోర్టు చూసి నోట మాట రాలేదు. లోపలిది 6.4 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ డోస్ కొలత), బయటిది 0.9. పోయినసారి లోపల 0.1, బయట 1.0. అంతకు ముందూ ఇంచుమించు అంతే. కేసులు పెరగలేదు, నా డ్యూటీ మారలేదు.

పొద్దున్న పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. "బ్యాడ్జ్‌ని పొరపాటున ఎక్స్‌రే గదిలో మర్చిపోయాను, ఈ డోస్ నా ఒంటికి తగిలింది కాదు" అని ముందే టైపు చేసి ఉంది. సంతకం పెడితే అక్కడితో అయిపోతుందట. నేనెక్కడా మర్చిపోలేదు. బ్యాడ్జ్ ఎప్పుడూ ఏప్రాన్‌కే ఉంటుంది. రెండు రోజులు టైం అడిగి వచ్చేశా.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఈ 6.4 అంటే ఎంత? భయపడాల్సిన అంకేనా?

---

ఊరికే_చూస్తుంటా · సోమవారం రాత్రి 9:58

రెండు బ్యాడ్జ్‌లూ తారుమారు అయ్యుంటాయి బ్రో. లోపలిది బయట, బయటిది లోపల. మా దగ్గర రెండుసార్లు జరిగింది. నిద్రపో.

---

గామా_తాత · సోమవారం రాత్రి 10:45

బాబూ, ముందు మంచినీళ్లు తాగు. తర్వాత ఇది చదువు.

ముందు అంకె సంగతి. వృత్తిరీత్యా రేడియేషన్‌లో పనిచేసేవాళ్లకి అంతర్జాతీయంగా సిఫార్సు చేసిన పరిమితి ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఐదేళ్ల సగటున. ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదు. ప్రకృతి నుంచి మనిషికి ఏటా వచ్చేది ప్రపంచ సగటున 2.4 దాకా ఉంటుంది. నీ 6.4 నిజంగా ఒంటికి తగిలిందే అనుకున్నా దానివల్ల రేపో ఎల్లుండో జబ్బు చేయదు. ఇంట్లో చెప్పు, దాచాల్సిందేమీ లేదు.

కానీ మూడు నెలలకి 6.4 చొప్పున నడిస్తే ఏడాదికి 25 దాటుతుంది. కాబట్టి వదిలేసే అంకె కూడా కాదు. ఎంత అన్నదాని కన్నా ఎలా వచ్చిందన్నది తేల్చాలి.

పైన మిత్రుడు చెప్పిన తారుమారు సంగతి నాకు కుదరడం లేదు. తారుమారైతే మెడ దగ్గరిది 6.4, ఏప్రాన్ లోపలిది 0.9 అన్నమాట. అప్పుడు మెడ డోస్ ఉన్నట్టుండి ఆరు రెట్లు, లోపలి డోస్ తొమ్మిది రెట్లు పెరగాలి. పని మారకుండా రెండూ ఒకేసారి అంత పెరగవు. పైగా ఆ 0.9 చూడు, మెడ దగ్గర ఎప్పుడూ వచ్చే అంకే అది. అంటే కాలర్ బ్యాడ్జ్ ఎప్పట్లాగే బుద్ధిగా తన పని చేసింది. లోపలిదే ఎక్కడో తిరిగొచ్చింది.

నాలుగు ప్రశ్నలు. ఒకటి, డ్యూటీ అయ్యాక రెండు బ్యాడ్జ్‌లూ ఎక్కడ ఉంటాయి? ఒకే చోటా, వేర్వేరుగానా? రెండు, నీ ఏప్రాన్ ఇంకెవరైనా వేసుకుంటారా? మూడు, ఈ మూడు నెలల్లో గదిలో ఏమైనా మారిందా? యంత్రం, బల్ల, గోడ, ఏదైనా సరే. నాలుగు, ఆ మూడు నెలల్లో నువ్వే పేషెంటుగా ఏదైనా స్కాన్ తీయించుకున్నావా?

జవాబులు తేలేదాకా ఆ కాగితం మీద సంతకం వద్దు. జరిగిందేంటో తెలియకుండా జరగలేదని ఎలా రాస్తావు?

---

హాట్‌ల్యాబ్_అక్క · సోమవారం రాత్రి 11:20

తాతగారి నాలుగో ప్రశ్న ఎందుకో చెప్తా. నేను న్యూక్లియర్ మెడిసిన్‌లో ఉంటా. మా దగ్గర ఒకాయన వేరే చోట గుండె స్కాన్ చేయించుకుని మర్నాడే డ్యూటీకి వచ్చేశాడు. స్కాన్ కోసం ఎక్కించిన రేడియోధార్మిక మందు, అదే ఐసోటోప్, ఒంట్లో ఇంకా ఉంది, దాని మీద బ్యాడ్జ్ పెట్టుకుని తిరిగాడు. పేషెంటుగా తీసుకున్న డోస్ ఉద్యోగం ఖాతాలో పడింది. తేల్చడానికి చాలా రోజులు పట్టింది. డాక్టరు చెప్పిన ఎక్స్‌రేకి వెళ్తే బ్యాడ్జ్ తీసి బయట పెట్టాలి, ఐసోటోప్ స్కాన్ అయితే ఆర్‌ఎస్‌ఓతో (రేడియేషన్ భద్రత చూసే అధికారి) మాట్లాడాకే డ్యూటీకి రావాలి.

అయితే నీ కేసు అది కాదనిపిస్తోంది తమ్ముడూ. ఒంట్లో ఐసోటోప్ ఉంటే మెడ బ్యాడ్జ్ కూడా చూస్తుంది కదా.

---

కొత్తగా_చేరా · మంగళవారం ఉదయం 7:05

చిన్న డౌటు, నవ్వకండి. రెండు బ్యాడ్జ్‌లు పెట్టుకుంటే రక్షణ ఎక్కువా? మాకు ఒకటే ఇచ్చారు. మా సీనియర్ "బ్యాడ్జ్ లేకుండా లోపలికి రాకు, ప్రమాదం" అన్నారు. ఇంకోటి అడగాలా?

---

ఊరికే_చూస్తుంటా · మంగళవారం ఉదయం 7:30

బ్యాడ్జ్ గొడుగు కాదు తల్లీ. ఎంత వాన పడిందో కొలిచే గిన్నె అంతే. తడవకుండా ఆపేది ఏప్రాన్, దూరం, తక్కువ టైం.

(తారుమారు అని రాత్రి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా. తాతగారి లెక్క కరెక్టు.)

---

గామా_తాత · మంగళవారం ఉదయం 8:15

నవ్వేదేం లేదమ్మా. పాతికేళ్ల సర్వీసున్న డాక్టర్లే అలా అనుకోవడం చూశాను.

రెండు ఎందుకంటే, ఏప్రాన్ వేసుకున్న మనిషి ఒంటి మీద డోస్ ఒకేలా ఉండదు. ఏప్రాన్ కింద ఛాతీ, పొట్టకి చాలా తక్కువ. పైన తల, కళ్లు, మెడకి ఎక్కువ. లోపలి బ్యాడ్జ్ ఒక్కటే ఉంటే కళ్ల సంగతి తెలియదు. బయటిది ఒక్కటే ఉంటే ఒంటి మొత్తానికీ అంతే పడిందని పొరబడతాం. రెండూ ఉంటే ఒంటి మొత్తం డోస్‌కి అమెరికా రేడియేషన్ రక్షణ మండలి ఎన్‌సీఆర్‌పీ వాళ్లు 1995లో ఇచ్చిన లెక్క ఒకటుంది. లోపలి అంకెలో సగం, మెడ అంకెలో నలభయ్యో వంతు, రెండూ కలపాలి.

మన కుర్రాడి పాత అంకెలు వేసి చూడండి. 0.1లో సగం 0.05, 1.0లో నలభయ్యో వంతు 0.025. మొత్తం 0.075, అంటే లెక్కలోకి రానంత. ఇప్పటి అంకెలు వేస్తే 3.2 దాటుతుంది. ఒక్క బ్యాడ్జ్ దారి తప్పితే మనిషి రికార్డు నలభై రెట్లు పైకి పోయింది. ఆ రికార్డేమో అతను ఉద్యోగం మారినా వెంట వస్తుంది.

కళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. కంటి కటకానికి పరిమితి ఒకప్పుడు ఏడాదికి 150 ఉండేది. శుక్లాలు అనుకున్నదాని కన్నా తక్కువ డోస్‌కే వస్తున్నాయని తేలాక 2011లో ఐసీఆర్‌పీ (రేడియేషన్ రక్షణ అంతర్జాతీయ సంఘం) దాన్ని 20కి దింపింది. బల్ల పక్కన నిలబడేవాళ్లు మెడ బ్యాడ్జ్‌ని అందుకే అశ్రద్ధ చేయకూడదు. కంటికి దగ్గరగా ఉండి సాక్ష్యం చెప్పేది అదొక్కటే.

---

ఇరిడియం192 · మంగళవారం మధ్యాహ్నం 2:10

చదువుతుంటే నవ్వొస్తోంది. 6.4కి ఇంత చర్చా!

మాది ఇండస్ట్రియల్ రేడియోగ్రఫీ. పైపు వెల్డింగుల లోపాలు చూడ్డానికి గామా కిరణాలతో ఫొటోలు, అదే షాట్లు, తీస్తాం. మా బ్యాడ్జ్ సంగతి చెప్పనా? సైటుకి వెళ్లగానే తీసి బండి డ్యాష్‌బోర్డులో పడేస్తాం. నెలాఖరుకి రీడింగ్ సున్నా. ఆఫీసు ఖుషీ, మేమూ ఖుషీ. రీడింగ్ పైకి వచ్చిందా, "నీ కోటా అయిపోయింది, ఇంట్లో కూర్చో" అంటారు. కూర్చున్న నెలకి కూలీ ఎవడిస్తాడు? అందుకని బ్యాడ్జ్ బండిలో, మేము పైపు దగ్గర. దిగితే గానీ లోతు తెలియదు సార్లూ.

---

హాట్‌ల్యాబ్_అక్క · మంగళవారం మధ్యాహ్నం 2:40

అన్నా, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది ఇది. బ్యాడ్జ్ చూడకపోతే నీ ఎముకల్లో మజ్జ కూడా చూడదా?

---

ఇరిడియం192 · మంగళవారం మధ్యాహ్నం 2:52

మజ్జ సంగతి తర్వాత మేడం. ఈ నెల అద్దె సంగతి ముందు.

---

గామా_తాత · మంగళవారం సాయంత్రం 6:30

ఇరిడియం తమ్ముడూ, నీ మీద కేకలేయను. నీలాంటి మాటలు ఇదివరకూ విన్నాను, వాటి వెనక ఆకలి ఉంటుందని తెలుసు. కాకపోతే ఒక లెక్క నీ ముందు పెడతాను, నువ్వే చూడు.

నీ కెమెరాలో, అంటే గామా సోర్స్ ఉండే డబ్బాలో, ఒక టెరాబెక్వెరల్, అంటే 27 క్యూరీల రేడియోధార్మిక ఇరిడియం ఉందనుకో. మీటరు దూరంలో గంటకి 120 మిల్లీసీవర్ట్‌లకి అటూ ఇటూ. పది నిమిషాలు నిలబడితే ఏడాది పరిమితి 20 అయిపోయింది. పది సెంటీమీటర్ల దగ్గర అదే నూరు రెట్లు. చేత్తో పట్టుకుంటే లెక్క చెప్పడానికి కూడా నాకు మనసొప్పదు.

1999లో పెరూలో యనాంగో అనే చోట, జలవిద్యుత్ కేంద్రం పనుల్లో, కెమెరా నుంచి ఊడిపడ్డ ఇరిడియం సోర్స్‌ని ఒక వెల్డరు ఏదో లోహపు ముక్క అనుకుని ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. గంటల తరబడి అది జేబులోనే ఉంది. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. అతను రేడియేషన్ పనివాడు కాడు, ఒంటి మీద బ్యాడ్జ్ లేదు. ఎంత తగిలిందో డాక్టర్లు ఒంటి మీద గాయాన్ని బట్టీ, లెక్కలు కట్టీ తేల్చుకోవాల్సి వచ్చింది.

నీ ఒంటి మీద బ్యాడ్జ్ ఉండాల్సింది అలాంటి రోజు కోసం. సోర్స్ బయటికెళ్లే గైడ్ ట్యూబులోనే ఇరుక్కుంది, నువ్వు దాన్ని వెనక్కి లాగే క్రాంక్ తిప్పి డబ్బా లోపలికి పోయిందనుకున్నావు, రేడియేషన్ చూపే సర్వే మీటర్ చూడకుండా దగ్గరికెళ్లావు. ఆసుపత్రిలో మొదట అడిగేది "ఎంత?" అనే. బ్యాడ్జ్ డ్యాష్‌బోర్డులో ఉంటే ఎవరు చెప్తారు? రేపు పరిహారం అడిగితే నీ సున్నాల రికార్డు తీసి నీకే చూపిస్తారు. ఆ సున్నాలు ఆఫీసుకి పనికొస్తాయి తమ్ముడూ, నీక్కాదు.

ఇంకోటి. షాట్లు తీసేవాడికి నెలల తరబడి సున్నా వస్తే నాలాంటివాడికి వచ్చేది అనుమానమే.

---

బ్యాడ్జ్_నంబర్_ఏడు · మంగళవారం రాత్రి 8:00

సున్నా మాట ఎత్తారు కాబట్టి మా కథ. రెండేళ్ల పాటు మా డిపార్ట్‌మెంట్ మొత్తానికి సున్నాలే. అందరం గర్వంగా తిరిగాం. తర్వాత వచ్చిన కొత్త ఆర్‌ఎస్‌ఓ మేడం మొదటి రోజే అడిగింది, "కంట్రోల్ బ్యాడ్జ్ ఎక్కడ పెడుతున్నారు?" అని.

తెలియనివాళ్లకి: ప్రతి సెట్‌తో ఎవరూ పెట్టుకోని ఒక బ్యాడ్జ్ వస్తుంది. ప్రకృతి రేడియేషన్, రవాణాలో తగిలింది అన్నీ అది లెక్కిస్తుంది. గంటకి 0.1 మైక్రోసీవర్ట్ వేసుకున్నా మూడు నెలలకి 0.2 మిల్లీసీవర్ట్ అవుతుంది. అందరి రీడింగుల్లోంచి దాన్ని తీసేస్తారు.

మాది ఒక బీరువా సొరుగులో ఉండేది. ఆ బీరువా వెనక గోడకి అవతల ఎక్స్‌రే బల్ల. గోడలో లెడ్ సరిగ్గా లేదు. మాకు తగిలిందంతా దానికీ తగిలేది, ల్యాబ్ వాళ్లు దాన్ని మా రీడింగుల్లోంచి తీసేసేవాళ్లు. బీరువా జరిపిన మొదటి మూణ్ణెల్లకే అందరికీ అంకెలు వచ్చాయి. పెద్దవేం కాదు, కానీ సున్నాలు కావు.

---

గామా_తాత · మంగళవారం రాత్రి 8:12

ఆ మేడంకి నా నమస్కారాలు.

---

మోడరేటర్ · మంగళవారం రాత్రి 9:00

ఒకరు తమ రిపోర్టు ఫొటో పెట్టారు, తీసేశాం. పేర్లు, బ్యాడ్జ్ నంబర్లు, సంస్థల పేర్లు కనబడే ఫొటోలు వద్దు. అంకెలు టైపు చేస్తే చాలు.

---

క్యాథ్‌ల్యాబ్_కుర్రాడు · మంగళవారం రాత్రి 10:30

తాతగారూ, జవాబులు. ఇవాళ డ్యూటీలో ప్రతిదీ కొత్తగా చూశా.

నేనేం స్కాన్ తీయించుకోలేదు. ఏప్రాన్ నాదే, మీద నా పేరుంది. ఎవరూ వేసుకోరు, నాది పొట్టి సైజు. కాలర్‌ని మాత్రం ఇంటికెళ్లేటప్పుడు, కేసుల మధ్యలో కూడా నా లాకర్‌లో పెట్టుకుంటా. చెమట వాసన, అందుకని. దానికున్న బ్యాడ్జ్ కూడా లాకర్‌లోకే పోతుంది.

మూడో ప్రశ్నకి మొదట ఏం మారలేదనే రాద్దామనుకున్నా. తర్వాత ఏప్రాన్ తగిలించబోతూ చెయ్యి గాల్లో ఆగిపోయింది. హ్యాంగర్లు! ఇదివరకు బయట కారిడార్‌లో ఉండేవి. అక్కడ స్ట్రెచర్లకి అడ్డమని మూడు నెలల పైనే అయింది, తీసి గది లోపల, బల్ల కాళ్ల వైపు గోడకి బిగించారు. నేను కంట్రోల్ రూములో ఉండే కేసుల్లో నా ఏప్రాన్ అక్కడే వేలాడుతూ ఉంటుంది. మిగతావాళ్లు లోపల ఫ్లోరో (లైవ్ ఎక్స్‌రే) నడుపుతుంటారు.

ఆ కాగితంలో రాసినట్టు మర్చిపోవడం కాదు ఇది. రోజూ పద్ధతిగా, వరుసలో తగిలిస్తున్నాం.

---

ఊరికే_చూస్తుంటా · మంగళవారం రాత్రి 10:41

అబ్బా! ఒళ్లు జలదరించింది. కానీ బ్రో, బ్యాడ్జ్ ఏప్రాన్ లోపల కదా ఉంది. వేలాడుతున్నా లెడ్ అడ్డం ఉంటుందిగా?

---

క్యాథ్‌ల్యాబ్_కుర్రాడు · మంగళవారం రాత్రి 10:55

నేనూ అదే అనుకుని మళ్లీ వెళ్లి చూశా. మాది ముందు నుంచి తొడుక్కుని వెనక పట్టీలు కట్టుకునే రకం. విప్పేటప్పుడు భుజాల మీంచి ముందుకి లాగేసి, అదే ఊపులో కొక్కేనికి తగిలిస్తాం. అప్పుడు నల్లటి పైగుడ్డ గోడ వైపు, లోపలి లైనింగ్ గది వైపు. లైనింగ్ మీద జేబు, జేబులో బ్యాడ్జ్. బల్ల వంక చూస్తూ ఉంది. లెడ్ దాని వెనకాల ఉంది, ముందు కాదు.

---

గామా_తాత · బుధవారం ఉదయం 6:20

రాత్రి ఇది చదివి పడుకోలేకపోయాను, అంత ముచ్చటేసింది. ఇంకా నిర్ధారణ కాలేదు, ఊహే. రెండు దారుల్లో పరీక్షిద్దాం.

మొదటిది లెక్క. కొక్కేనికీ పేషెంటుకీ రెండున్నర మీటర్లు అనుకుందాం. పేషెంటు ఒంటి నుంచి చెదిరే ఎక్స్‌రే ఆ దూరంలో గంటకి 0.3 మిల్లీసీవర్ట్ ఉండడం విడ్డూరమేం కాదు. 6.4 రావాలంటే బీమ్ 21 గంటలు నడవాలి. మూడు నెలల్లో 64 పనిదినాలు వేసుకుంటే రోజుకి 20 నిమిషాలు. నువ్వు కంట్రోల్ రూములో ఉన్న కేసుల్లో ఫ్లోరో, సినీ (రికార్డు చేసే ఎక్స్‌రే) కలిపి అంత అవుతుందా? లాగ్ బుక్కులో ఉంటుంది, చూడు.

రెండోది ల్యాబ్ చెప్పగలిగేది. టీఎల్‌డీని చదవడమంటే దాన్ని 300 డిగ్రీల దాకా వేడిచేసి, అందులో చిక్కుకున్న శక్తి కాంతిగా బయటికొస్తుంటే కొలవడం. ఒకసారి చదివితే చెరిగిపోతుంది, మళ్లీ చదవమంటే కుదరదు. అదే ఓఎస్‌ఎల్ రకమైతే కాంతి వేసి చదువుతారు, కొద్దిగానే ఖర్చవుతుంది కాబట్టి మళ్లీ చదవచ్చు. నీది టీఎల్‌డీ అయినా దిగులు లేదు. వేడిచేసినప్పుడు వెలుగు ఎలా పెరిగి తగ్గిందో చూపే గీత, గ్లో కర్వ్, కంప్యూటర్‌లో ఉంటుంది. దుమ్మో ధూళో పడి వచ్చిన దొంగ వెలుగైతే కర్వ్ ఆకారం తేడాగా ఉంటుంది.

అసలు కిటుకు ఫిల్టర్లలో ఉంది. బ్యాడ్జ్‌లో లోహపు ఫిల్టర్ కింద ఒక బిళ్ల, ప్లాస్టిక్ కింద ఒకటి, ఏ అడ్డూ లేకుండా ఒకటి ఉంటాయి. ఈ మూడింటి నిష్పత్తిని బట్టి తగిలిన రేడియేషన్ మెత్తటిదా (తక్కువ శక్తిది) గట్టిదా (ఎక్కువ శక్తిది) తెలుస్తుంది. అర మిల్లీమీటరు లెడ్ దాటి వచ్చిన ఎక్స్‌రే అయితే మెత్తటి భాగమంతా లెడ్‌లోనే ఆగిపోయి గట్టిదే మిగులుతుంది. నీ బ్యాడ్జ్ మెత్తటి ఎక్స్‌రే చూశానని చెప్తే అది లెడ్ దాటి వచ్చింది కానే కాదు. నీ ఒంటి మీద ఉండగా లెడ్ దాటకుండా అది లోపలికి రాలేదు. అర్థమైందా?

ఆ నిష్పత్తులు రాతపూర్వకంగా అడుగు. ఇస్తారు.

---

హాట్‌ల్యాబ్_అక్క · బుధవారం ఉదయం 9:10

తాతగారూ, మీరు డిటెక్టివ్ అవ్వాల్సింది.

తమ్ముడూ, ఎలాగూ కొక్కెం అక్కడే ఉందిగా, ఒక ఎలక్ట్రానిక్ డోసిమీటర్ అడిగి రెండు రోజులు వేలాడదీసి చూడు.

---

బ్యాడ్జ్_నంబర్_ఏడు · బుధవారం ఉదయం 9:35

చూడచ్చు. కానీ ఒక జాగ్రత్త. క్యాథ్ ల్యాబ్ ఎక్స్‌రే పల్స్‌లు పల్స్‌లుగా వస్తుంది. కొన్ని ఎలక్ట్రానిక్ మీటర్లు ఆ వేగానికి తట్టుకోలేక తక్కువ లెక్కిస్తాయి. దాని పక్కనే ఒక మామూలు బ్యాడ్జ్ కూడా పెట్టించు. ఎలక్ట్రానిక్‌ది వెంటనే చెప్తుంది, బ్యాడ్జ్ ఆలస్యంగా అయినా నమ్మకంగా చెప్తుంది.

---

కొత్తగా_చేరా · బుధవారం మధ్యాహ్నం 1:15

మధ్యలో ఇంకో డౌటు. మా అక్క కూడా ఇదే ఫీల్డు. ఇప్పుడు రెండో నెల. ఆఫీసులో చెప్పాలా, పొట్ట కనబడేదాకా ఆగచ్చా అని అడుగుతోంది. చెబితే పక్కన పెడతారేమోనని భయం.

---

హాట్‌ల్యాబ్_అక్క · బుధవారం మధ్యాహ్నం 1:40

ఇవాళే చెప్పమను. నేను మా పాప కడుపులో ఉన్నప్పుడు ఆరో వారంలో చెప్పా. చెప్పిన దగ్గర్నుంచి పుట్టేదాకా బిడ్డకి తగిలేది 1 మిల్లీసీవర్ట్ లోపు ఉండాలన్నది ఐసీఆర్‌పీ మాట. కొన్ని దేశాల్లో వేరే అంకె ఉంది, అమెరికాలో గర్భం మొత్తానికి 5. చెప్పకపోతే ఆ పరిమితి నీకు వర్తింపజేసేవాడే ఉండడు.

నాకు పొట్ట దగ్గర ఇంకో బ్యాడ్జ్ ఇచ్చారు, నెలనెలా చదివేవాళ్లు. ఐసోటోప్ ఇంజెక్షన్లు సిరంజిలోకి తీసే పని తప్పించి ఇమేజింగ్ వైపు వేశారు. ఇంట్లో కూర్చోబెట్టలేదు.

అన్నట్టు ఆ ఇంజెక్షన్లు తీసేవాళ్ల కోసం ఒక మాట. రింగ్ డోసిమీటర్‌ని గ్లౌజ్ లోపల, బిళ్ల అరచేతి వైపు తిప్పి పెట్టుకోండి. సిరంజి పట్టేది అటువైపే. ఐరోపాలో ఓరామెడ్ అనే ప్రాజెక్టు వాళ్లు కొలిచి, వాటం కాని చేతి (కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ చేతి) చూపుడువేలు మొదట్లో రింగ్ పెట్టుకోమన్నారు. వేలికొసకి తగిలేది కావాలంటే ఆ రీడింగ్‌ని ఆరుతో గుణించమన్నారు. రింగ్ 20 అంటే కొస 120 దాకా ఉండచ్చు. చర్మానికి, చేతులకి పరిమితి ఏడాదికి 500 అని నిశ్చింతగా ఉంటాం, ఆ ఆరు రెట్ల సంగతి తెలియక.

---

ఇరిడియం192 · గురువారం రాత్రి 11:50

తాతగారూ, రెండు రోజులుగా మీ పోస్టు మళ్లీ మళ్లీ చదువుతున్నా.

అడుగుతా, నిజం చెప్పండి. నేనొక్కణ్ణి బ్యాడ్జ్ పెట్టుకుంటే నా ఒక్కడికే రీడింగ్ వస్తుంది. మిగతా నలుగురికీ సున్నా. నేను పని రాని వాడినవుతా. అప్పుడేం చేయను?

---

గామా_తాత · శుక్రవారం ఉదయం 6:05

నిజమే అడిగావు. దీనికి నా దగ్గర తియ్యటి జవాబు లేదు.

జపాన్‌లో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిన ఏడాదే, 2011 చివర్లో, ఒక సబ్‌కాంట్రాక్టు సంస్థ అధికారి తన మనుషుల చేత డోసిమీటర్లకి సీసపు రేకులు తొడిగించాడు. మర్నాడు కూడా పనికి రావాలంటే అంకె పెరగకూడదుగా. 2012లో అది బయటపడింది. మనుషులు ఒప్పుకోలేదనుకుంటున్నావా? కొందరు ఒప్పుకోలేదు. కొందరు తొడుక్కున్నారు. కొలత పెరిగితే కూలీ తెగే చోట కొలత అబద్ధమే చెప్తుంది. ఆ తప్పు నీది అనను.

అదే చోట 2011 మార్చి 24న ఇంకోటి జరిగింది. 3వ యూనిట్ టర్బైన్ భవనం అడుగున నీళ్లలో నిలబడి ముగ్గురు కేబుల్ లాగుతున్నారు. ఒంటి మీది డోసిమీటర్లు మోగాయి. పాడయ్యాయేమో అనుకుని పని కానిచ్చారు. ముగ్గురికీ 170 దాటింది, ఇద్దరి కాళ్లకి రేడియోధార్మిక నీళ్లు అంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు. వాళ్లకి ఎంత తగిలిందో కనీసం తెలిసింది. అదే అలారం డ్యాష్‌బోర్డులో మోగి ఉంటే?

నువ్వొక్కడివే అంటే నేనూ భయపడతాను. ఐదుగురూ ఒకే నెల మొదలుపెట్టండి. ఐదు రీడింగులూ ఒకేసారి వస్తే ఒక్కణ్ణి పక్కన పెట్టడం కుదరదు, పని పద్ధతే మార్చాలి. కిరణాలు అన్ని వైపులకీ పోకుండా ఆపే కాలిమేటర్ వాడాలి, క్రాంక్ తీగ పొడవు పెంచాలి, షాట్లు పంచుకోవాలి. ఒక నెల డోస్ తగ్గడానికి ఇవి చాలు. మాట్లాడి చూడు, బలవంతం లేదు.

---

క్యాథ్‌ల్యాబ్_కుర్రాడు · శనివారం రాత్రి 8:20

అప్‌డేట్.

ఆర్‌ఎస్‌ఓ సార్‌ని కలిసి కొక్కెం చూపించా. ఆయన ఏప్రాన్ వంక, బల్ల వంక, మళ్లీ ఏప్రాన్ వంక చూసి నెత్తి కొట్టుకున్నారు. హ్యాంగర్లు మార్పించినప్పుడు ఆయన్ని ఎవరూ అడగలేదట.

రెండు రోజులు ఎలక్ట్రానిక్‌ది వేలాడదీశాం, పక్కన ఒక స్పేర్ బ్యాడ్జ్ కూడా. ఎలక్ట్రానిక్‌ది 0.19 చూపించింది. రోజుకి 0.1కి కొంచెం తక్కువ. 64 రోజులకి లెక్కేస్తే 6.1. నాకైతే కాలిక్యులేటర్ పట్టుకుని చెయ్యి వణికింది. లాగ్ బుక్కులో నేను బయట ఉన్న కేసుల బీమ్ టైము రోజుకి సగటున 18 నిమిషాలు.

ఇంకో సంగతి. నాలాగే రెండు బ్యాడ్జ్‌లున్న ఇంకో నలుగురి రిపోర్టులు కూడా తెప్పించారు. అందులో ఇద్దరికి 3 దాటింది. వాళ్లు నాకన్నా ముందే ఆ కాగితం మీద సంతకం పెట్టేశారు. మర్చిపోయామనే రాసిచ్చారు.

---

ఊరికే_చూస్తుంటా · శనివారం రాత్రి 8:33

ముగ్గురు ఒకేసారి ఒకే చోట మర్చిపోతే ఎవరికీ అనుమానం రాలేదా?

---

గామా_తాత · శనివారం రాత్రి 9:15

సంతకాలు చేతికందాక ఆలోచించే పని ఎవరికుంటుంది?

బాబూ, ఇప్పుడు నువ్వే రాయి, సొంత మాటల్లో. హ్యాంగర్ ఎప్పుడు మార్చారు, ఏప్రాన్ ఎలా వేలాడుతుంది, కొలిస్తే ఎంత వచ్చింది, లాగ్ బుక్కు ఏం చెప్తోంది. ల్యాబ్ నిష్పత్తులు వచ్చాక జతచెయ్యి. 6.4ని చెరిపేయమని అడక్కు. అది బ్యాడ్జ్ చూసిన నిజం. నీకు తగిలింది ఎంతో విడిగా అంచనా వేసి రికార్డులో చేర్చమను. ఆ ఇద్దరి చేత కూడా మళ్లీ రాయించు. కాపీ దగ్గర పెట్టుకో.

---

క్యాథ్‌ల్యాబ్_కుర్రాడు · మూడు వారాల తర్వాత

ల్యాబ్ ఉత్తరం వచ్చింది. గ్లో కర్వ్ మామూలుగానే ఉంది, అంటే నిజంగా రేడియేషనే. ఫిల్టర్ నిష్పత్తులు మెత్తటి ఎక్స్‌రే అని చెప్తున్నాయి, లెడ్ దాటి వచ్చినట్టు లేదని రాశారు. స్పేర్ బ్యాడ్జ్ 0.22 చూపించింది, ఎలక్ట్రానిక్‌ది కొంచెం తక్కువే లెక్కించిందన్నమాట. ఏడు నంబరన్న చెప్పినట్టే.

నా డోస్‌ని పాత రీడింగులు, మెడ బ్యాడ్జ్ చూసి 0.1గా అంచనా వేశారు. 6.4 కూడా రికార్డులో పక్కనే ఉంది, కారణంతో సహా.

హ్యాంగర్లు మళ్లీ కారిడార్‌లోకి వెళ్లాయి. స్ట్రెచర్ తగిలిన ప్రతిసారీ ఎవరో ఒకరు నా వంక చూస్తున్నారు. ఏప్రాన్ విప్పగానే లోపలి బ్యాడ్జ్ తీసి బోర్డుకి పెట్టడం కూడా మొదలైంది. మొదటి వారం రెండుసార్లు దాన్ని బోర్డు మీదే వదిలేసి కేసులోకి వెళ్లిపోయా. ఈ కొత్త తప్పు కూడా రాసి ఇచ్చా.

---

ఇరిడియం192 · రెండు నెలల తర్వాత

ఈ చర్చ ఇంకా తెరిచే ఉందో లేదో. తాతగారి కోసం రాస్తున్నా.

ఐదుగురం కాలేదు. ముగ్గురం అయ్యాం. పోయిన నెల ఒకటో తారీకు నుంచి బ్యాడ్జ్ చొక్కా జేబులో, జేబుకి పిన్నీసు. కాలిమేటర్ మూలన పడి ఉంటే దుమ్ము దులిపి బిగించాం. షాట్‌కి షాట్‌కి మధ్య సర్వే మీటర్ పట్టుకుని వెళ్తున్నా, ఇన్నాళ్లూ అది బండిలో బ్యాడ్జ్‌కి తోడుగా ఉండేది.

రీడింగులు ఇవాళ వచ్చాయి. నాది 1.7. మిగతా ఇద్దరివి 1.2, 1.4. సున్నాలు రాని నెల ఇదే మొదటిసారి.

మధ్యాహ్నం నుంచి ఆఫీసు ఫోన్ మూడుసార్లు మోగింది. ముగ్గురం ఒకే చోట కూర్చున్నాం. ఇంకోసారి మోగితే స్పీకర్‌లో పెట్టి ఎత్తుతాం.